ఒకే ఫ్రెట్, రెండు పేర్లు: గిటార్ మీద షార్పులు, ఫ్లాట్లు నేర్చుకునే తీరు

గిటార్ మీద సి సెవెన్ కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) పట్టినప్పుడు చిటికెన వేలు, సన్నదాని నుంచి లెక్కపెడితే మూడో తీగను మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర నొక్కుతుంది. అక్కడ పలికే స్వరం పేరు బి ఫ్లాట్. చేతిని కొంచెం జరిపి రెండో ఫ్రెట్ దగ్గర ఎఫ్ షార్ప్ మేజర్ బార్ కార్డ్ (చూపుడు వేలు తీగలన్నింటినీ అడ్డంగా నొక్కే కార్డ్) పడితే, అదే మూడో తీగ మీద అదే మూడో ఫ్రెట్‌ను ఈసారి మధ్య వేలు నొక్కుతుంది. తీగ మారలేదు, చోటు మారలేదు, చెవికి వినిపించే ధ్వనిలో వెంట్రుకవాసి తేడా లేదు. పేరు మాత్రం ఎ షార్ప్ అయింది. కొత్తగా గిటార్ పట్టుకున్నవారిని ఈ రెండు పేర్ల వ్యవహారం బాగా తికమకపెడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి ఎక్కువమంది షార్పుల పేర్లు మాత్రం బట్టీపట్టి, ఫ్లాట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చునని పక్కన పెడతారు. ఆ తర్వాత అనేది చాలామందికి రానే రాదు. షార్పులూ ఫ్లాట్లూ విడిగా కంఠస్థం చేయవలసిన స్వరాలు కావు. ఇరుగుపొరుగు స్వరాల నుంచి పేరు తెచ్చుకునే చోట్లు. ఈ సంగతి మొదటి రోజే గ్రహించినవారికి ఫ్రెట్‌బోర్డు కష్టం సగానికి సగం తగ్గుతుంది.

పాశ్చాత్య సంగీతంలో ఒక స్థాయిని (ఒక స్వరం నుంచి పైన మళ్ళీ అదే స్వరం దాకా ఉన్న దూరాన్ని) 12 సమాన మెట్లుగా విభజిస్తారు. వాటిలో ఏడింటికి మాత్రమే సొంత అక్షరాలున్నాయి: ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి. వీటిని నేచురల్ స్వరాలంటారు. గిటార్ మీద ఒక ఫ్రెట్ దూరం ఒక సెమిటోన్. నేచురల్ స్వరాలలో ఎక్కువ జతల మధ్య రెండు ఫ్రెట్ల దూరం ఉంటుంది కాబట్టి వాటి నడుమ ఒక ఫ్రెట్ అక్షరం లేకుండా మిగిలిపోతుంది. ఆ చోటికి కింది స్వరం నుంచి ఒక ఫ్రెట్ ముందుకు జరిగి చేరితే ఆ కింది స్వరానికి షార్ప్ అనీ, పై స్వరం నుంచి ఒక ఫ్రెట్ వెనక్కి జరిగి చేరితే ఆ పై స్వరానికి ఫ్లాట్ అనీ పేరు పెడతారు. ఐదో తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు 110 కంపనాలతో ఎ పలుకుతుంది. రెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే 123.47 కంపనాలతో బి పలుకుతుంది. నడుమనున్న మొదటి ఫ్రెట్ దగ్గర వచ్చేది 116.54. ఈ అంకెకే ఎ షార్ప్ అని ఒక పేరు, బి ఫ్లాట్ అని మరో పేరు. ఇటువంటి చోట్లు ఒక స్థాయిలో ఐదు: సి–డి ల మధ్య, డి–ఇ ల మధ్య, ఎఫ్–జి ల మధ్య, జి–ఎ ల మధ్య, ఎ–బి ల మధ్య. బి–సి ల మధ్య, ఇ–ఎఫ్ ల మధ్య మాత్రం దూరం ఒక్క ఫ్రెట్టే, కాబట్టి అక్కడ నడుమ చోటే లేదు. ఫ్రెట్‌బోర్డు గురించి నిజంగా కంఠస్థం చేయవలసింది ఏదైనా ఉందంటే అది ఈ రెండు జంటల సంగతే.

ఇది తెలుగువారు వేరే రూపంలో ఎప్పటి నుంచో వాడుతున్నదే. పద్యనాటకాల్లోనూ హరికథల్లోనూ భజనల్లోనూ హార్మోనియం దగ్గర కూర్చున్నవారికి ఒకటిన్నర శ్రుతి, నాలుగున్నర శ్రుతి, ఐదున్నర శ్రుతి అన్న మాటలు బాగా పరిచయం. సి ని ఒకటిగా పెట్టుకుని తెల్ల మెట్లకు వరుసగా ఏడు దాకా అంకెలు వేసి, వాటి నడుమ వచ్చే నల్ల మెట్లను అరలతో చెబుతారు. ఒకటిన్నర అంటే సి షార్ప్, నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. మూడున్నర శ్రుతిలో పాడతానని గాని, ఏడున్నరలో పెట్టమని గాని ఎవరూ అనరు. ఎందుకంటే మూడుకూ నాలుగుకూ మధ్య, ఏడుకూ పై ఒకటికీ మధ్య నల్ల మెట్టు ఉండదు. ఇ–ఎఫ్, బి–సి జంటల నియమం యావత్తూ ఆ రెండు లేని అంకెలలో ఇమిడి ఉంది. అయితే ఈ పద్ధతిలో ఒక లోపం కూడా ఉంది. అరలన్నీ కింది అంకె నుంచి పైకే లెక్కకు వస్తాయి. రెండుకు అర తక్కువ అని ఎవరూ చెప్పరు. అంటే ఈ అలవాటు ఉన్న చెవి షార్పులకే సిద్ధంగా ఉంటుంది గాని ఫ్లాట్లకు కాదు.

హార్మోనియం మీద నలుపు తెలుపులు కంటికి కనిపిస్తాయి. గిటార్ మీద ఆ సదుపాయం లేదు. 3, 5, 7, 9, 12 ఫ్రెట్ల దగ్గర ఉండే చుక్కలు లెక్క తప్పకుండా చూసుకోవడానికే గాని, ఏది నేచురల్ స్వరమో ఏది కాదో చెప్పవు. అందువల్ల ఆ పటాన్ని మనసులో గీసుకోవాలి, దానికి బి–సి, ఇ–ఎఫ్ జంటలే ఆనవాళ్లు. మామూలు ట్యూనింగ్‌లో ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ అన్న వరుస ఉంటుంది. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర ఆరో తీగ మీద బి–సి జంట ఉంటే, దాన్ని ఆనుకునే ఐదో తీగ మీద ఇ–ఎఫ్ జంట ఉంటుంది. రెండు, మూడు ఫ్రెట్ల దగ్గర అదే అమరిక ఐదో తీగకూ నాలుగో తీగకూ మారుతుంది. తొమ్మిది, పది ఫ్రెట్ల దగ్గర నాలుగో తీగ మీద బి–సి, మూడో తీగ మీద ఇ–ఎఫ్. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) పక్కన, ఓపెన్ తీగకూ (ఎక్కడా నొక్కకుండా వదిలిన తీగకూ) మొదటి ఫ్రెట్‌కూ మధ్య, రెండో తీగ మీద బి–సి, మొదటి తీగ మీద ఇ–ఎఫ్. మూడో, రెండో తీగల దగ్గర మాత్రం ఈ జోడీ కాస్త పక్కకు ఒరుగుతుంది: బి–సి నాలుగు, ఐదు ఫ్రెట్ల మీద ఉంటే ఇ–ఎఫ్ ఐదు, ఆరు ఫ్రెట్ల మీదికి జరుగుతుంది. మిగిలిన పక్కపక్క తీగల మధ్య ఐదేసి సెమిటోన్ల దూరం ఉండగా జి తీగకూ బి తీగకూ మధ్య నాలుగే ఉండడం దీనికి కారణం. ఈ ఐదు చోట్లు గుర్తుంటే, వాటికి ఇటూ అటూ రెండేసి ఫ్రెట్లు లెక్కపెట్టుకుంటూ ఏ తీగ మీదనైనా నేచురల్ స్వరాలన్నింటినీ పట్టుకోవచ్చు. వాటి నడుమ మిగిలిన ప్రతి ఖాళీ షార్ప్ గాని ఫ్లాట్ గాని అవుతుంది.

ఇదే పటాన్ని అడ్డంగా, ఫ్రెట్ వెంట ఆరు తీగలనూ చూస్తే మరికొన్ని విషయాలు బయటపడతాయి. ఓపెన్ తీగల నుంచి పదకొండో ఫ్రెట్ దాకా మొత్తం 72 చోట్లున్నాయి. వాటిలో 42 నేచురల్ స్వరాలు, 30 షార్పులు లేదా ఫ్లాట్లు. ఈ ముప్ఫై అన్ని ఫ్రెట్లకూ సమానంగా పంచబడలేదు. ఐదో ఫ్రెట్ మీద ఆరు తీగలకూ నేచురల్ స్వరాలే వస్తాయి: ఎ, డి, జి, సి, ఇ, ఎ. పదో ఫ్రెట్ కూడా అంతే. మూడో ఫ్రెట్ మీద ఒకే ఒక్క ఖాళీ చోటు ఉంది, అది మూడో తీగ మీది బి ఫ్లాట్. ఏడో ఫ్రెట్ మీద ఒకే ఒక్కటి, రెండో తీగ మీది ఎఫ్ షార్ప్. ఇక పదకొండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ నుంచి వరుసగా మీటుకుంటూ వస్తే ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్, బి ఫ్లాట్, మళ్ళీ ఇ ఫ్లాట్ వస్తాయి. ఐదు ఖాళీ చోట్లూ ఒకే ఫ్రెట్ మీద వరుసగా దొరికే జాగా ఇది ఒక్కటే. పన్నెండో ఫ్రెట్ మీద ఓపెన్ తీగల పేర్లే మళ్ళీ వస్తాయి కాబట్టి, అక్కడి నుంచి ఒక ఫ్రెట్ వెనక్కి వస్తే అన్నింటికీ ఫ్లాట్ తగిలించడమే. ఫ్లాట్ అన్న భావన చేతికి అందడానికి ఇంతకంటే మంచి చోటు మరొకటి కనబడదు. ఎక్కువ పాఠాలు మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల దగ్గరే ఆగిపోవడం వల్ల విద్యార్థులు నెలల తరబడి అక్కడికి వెళ్ళనే వెళ్ళరు.

షార్పుల వైపు మొగ్గు రావడానికి కారణాలు గిటార్ తయారీలోనే ఉన్నాయి. చెయ్యి నట్ దగ్గర మొదలై ఒడి వైపు జరుగుతున్నకొద్దీ స్వరం పెరుగుతుంది. లెక్క ఎప్పుడూ ముందుకే సాగుతుంది కాబట్టి నోటికి వచ్చే పేర్లు ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, జి షార్ప్ అనే వస్తాయి. ఓపెన్ తీగలను బాగా వాడుకోగలిగిన ఇ, ఎ, డి, జి మేజర్ స్కేళ్ళన్నీ (ఏడేసి స్వరాల వరుసలన్నీ) షార్పులున్నవే. కొత్తవారి వేళ్ళు తమకు తెలియకుండానే ఈ షార్పుల మీద నిలబడి ఉంటాయి: డి కార్డ్‌లో మొదటి తీగ రెండో ఫ్రెట్ దగ్గరున్నది ఎఫ్ షార్ప్, ఎ కార్డ్‌లో రెండో తీగ రెండో ఫ్రెట్ దగ్గరున్నది సి షార్ప్, ఇ కార్డ్‌లో మూడో తీగ మొదటి ఫ్రెట్ దగ్గరున్నది జి షార్ప్, బి సెవెన్‌లో నాలుగో తీగ మొదటి ఫ్రెట్ దగ్గరున్నది డి షార్ప్. గిటార్ తలకు తగిలించే చిన్న ట్యూనర్లలో చాలా వాటి తెర మీద షార్పులే కనిపిస్తాయి. నేర్చుకునేవారికి ఇచ్చే ఫ్రెట్‌బోర్డు చార్టులలో కూడా చోటు చాలదని షార్పుల పేర్లు మాత్రమే వేయడం మామూలు.

ఫ్లాట్ల దగ్గర చెయ్యి వెనక్కి నడవాలి, ఓపెన్ తీగ దగ్గర వెనక్కి నడవడానికి చోటు ఉండదు. నాలుగో తీగ ఓపెన్‌గా డి పలికితే డి ఫ్లాట్ ఎక్కడుంది? పక్కనున్న ఐదో తీగకు వెళ్ళి నాలుగో ఫ్రెట్ దగ్గర వెతుక్కోవాలి. ఎ ఫ్లాట్ ఆరో తీగ నాలుగో ఫ్రెట్ మీద, జి ఫ్లాట్ నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ మీద, ఇ ఫ్లాట్ రెండో తీగ నాలుగో ఫ్రెట్ మీద ఉంటాయి. బి ఫ్లాట్ మాత్రం మూడో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంటుంది. ముందు చెప్పిన నాలుగు సెమిటోన్ల తేడాయే ఇక్కడా పనిచేసింది. ఫ్లాట్లు కష్టమనిపించేది ఈ తీగ మార్పు వల్లనే గాని, వాటిలో వేరే క్లిష్టత ఏమీ లేదు.

షార్పులతోనే పని జరిగిపోతుంటే రెండో పేరు ఎందుకన్న ప్రశ్నకు జవాబు స్కేళ్ళలో ఉంది. ఏడు స్వరాల మేజర్, మైనర్ స్కేళ్ళలో ఏడు అక్షరాలూ ఒక్కొక్కసారి రావాలి. ఏ అక్షరమూ రెండుసార్లు రాకూడదు, ఏదీ తప్పిపోకూడదు. ఆరో తీగ మొదటి ఫ్రెట్ నుంచి ఎఫ్ మేజర్ వాయిస్తే ఎఫ్, జి, ఎ అయిన తర్వాత ఐదో తీగ మొదటి ఫ్రెట్ వస్తుంది, ఆ తర్వాత సి, డి, ఇ. నడిమి స్వరాన్ని ఎ షార్ప్ అంటే వరుసలో ఎ రెండుసార్లు వచ్చి బి మాయమవుతుంది. బి ఫ్లాట్ అంటే అక్షరాలన్నీ సరిపోతాయి. చదివేటప్పుడు ఈ తేడా వెంటనే తెలుస్తుంది: స్వరలిపిలో ప్రతి గీతా, ప్రతి ఖాళీ ఒక అక్షరానిది కాబట్టి, స్కేల్ మొదట్లో బి గీత మీద ఒక్క ఫ్లాట్ గుర్తు పెడితే చాలు, ఆ తర్వాత ప్రతి బి నీ తగ్గించి వాయిస్తారు. అదే ఎ షార్ప్‌గా రాస్తే ఒకే చోట ఎ నేచురల్, ఎ షార్ప్ పదేపదే తారుమారై, అడుగడుగునా గుర్తులు పెట్టవలసి వస్తుంది. సి సెవెన్ కార్డ్‌లోని స్వరాలు సి, ఇ, జి, బి ఫ్లాట్. సి నుంచి లెక్కపెడితే ఏడో అక్షరం బి, ఆ కార్డ్ పేరులోని సెవెన్ అదే. దాన్ని ఎ షార్ప్ అన్నవారికి ఆ పేరులోని ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసే మార్గం లేదు. శాక్సఫోన్, ట్రంపెట్ వంటి వాద్యాలతో కలిసి వాయించేటప్పుడు బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ స్కేళ్ళు తరచుగా వస్తాయి. అక్కడ డి షార్ప్ అని అడిగే గిటారిస్టుకూ ఇ ఫ్లాట్ అని చెప్పే వాద్యకారుడికీ మధ్య మాట కలవడానికి సమయం పడుతుంది.

కర్ణాటక సంగీతం కొంత తెలిసినవారికి ఈ తర్కం వెంటనే పట్టుబడుతుంది. 12 స్వరస్థానాలకు 16 పేర్లున్నాయి; చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం రెండూ వీణ మీద ఒకే మెట్టు. శంకరాభరణంలో ఆ మెట్టు రిషభంగా పలుకుతుంది, ఎందుకంటే పైన అంతర గాంధారం వేరే ఉంది. కనకాంగిలో శుద్ధ రిషభం అప్పటికే వచ్చేసింది కాబట్టి అదే మెట్టు గాంధారం అవుతుంది. ఏడు స్వరాలూ ఒక్కొక్కసారి రావాలన్న నియమం మీదనే 17వ శతాబ్దంలో వేంకటమఖి 72 మేళకర్తల పథకం నిలబడింది. అయితే ఈ పోలికను ఒక హద్దు వరకే తీసుకోవాలి. షడ్జాన్ని గాయకుడు తనకు అనువైన శ్రుతిలో పెట్టుకుంటాడు. సి అన్నది ఎవరు వాయించినా మారని ఎత్తు. పేరు చుట్టూ ఉన్న స్వరాలను బట్టి వస్తుందన్నంత వరకే రెండు పద్ధతులూ ఒకటి.

ఈ రెండు పేర్లూ ఒకప్పుడు నిజంగానే రెండు వేర్వేరు ఎత్తులను సూచించేవి. మధ్యయుగపు ఐరోపా చర్చి సంగీతంలో బి ఒక్కటే రెండు రకాలుగా ఉండేది. తగ్గించిన బి ని గుండ్రటి అక్షరంతో, తగ్గించని దాన్ని పలకల అక్షరంతో రాసేవారు. గుండ్రటి బి నుంచి ఫ్లాట్ గుర్తు, పలకల బి నుంచి నేచురల్, షార్ప్ గుర్తులు పుట్టాయి. జర్మన్ వారు నేటికీ బి అంటే బి ఫ్లాట్ అనే అర్థం చేసుకుంటారు, బి నేచురల్‌ను హెచ్ అంటారు. తర్వాతి శతాబ్దాలలో కీబోర్డులకు వాడిన శ్రుతి పద్ధతులలో జి షార్ప్ కంటే ఎ ఫ్లాట్ స్పష్టంగా ఎక్కువ ఎత్తులో ఉండేది. రెండూ పలికించడానికి నల్ల మెట్టును రెండుగా చీల్చిన వాద్యాలు కూడా చేశారు. ఫ్రెట్లున్న వాద్యాలకు ఆ వెసులుబాటు తక్కువ. ఒకే ఫ్రెట్ అన్ని తీగల కింది నుంచీ అడ్డంగా పోతుంది. గిటార్ మొదటి ఫ్రెట్ నాలుగో తీగకు ఇ ఫ్లాట్, మూడో తీగకు జి షార్ప్ ఇవ్వవలసి ఉంటుంది. షార్ప్‌కు ఒక కొలత, ఫ్లాట్‌కు మరో కొలత పెడితే ఏదో ఒక తీగ తప్పు పలుకుతుంది. గెలీలియో తండ్రి, లూట్ (గిటార్ వంటి పాత తీగల వాద్యం) విద్వాంసుడు విన్సెంజో గలిలీ 1581లో ప్రతి ఫ్రెట్‌నూ మిగిలిన తీగ పొడవులో 18వ వంతు దూరంలో పెట్టమని సూచించాడు. నేడు 18 కు బదులు 17.817 వాడతారు. 650 మిల్లీమీటర్ల తీగ ఉన్న క్లాసికల్ గిటార్‌కు మొదటి ఫ్రెట్ నట్ నుంచి సుమారు 36.5 మిల్లీమీటర్ల దూరంలో, పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో, 325 దగ్గర పడతాయి. గలిలీ లెక్క ప్రకారం పన్నెండోది రెండు మిల్లీమీటర్లకు కొంచెం పైగా ముందే వచ్చేస్తుంది. ఆ కాలానికి అది ఆశ్చర్యపరిచే దగ్గరితనం. ఈ సమాన విభజనే ఎ షార్ప్‌నూ బి ఫ్లాట్‌నూ ఒకే లోహపు కమ్మీ మీద కూర్చోబెట్టింది.

ఇ షార్ప్ ఉండదని, సి ఫ్లాట్ ఉండదని మొదట్లో చెప్పే మాట కూడా ఇక్కడ సరిదిద్దుకోవాలి. ఉండనిది చోటు, పేరు కాదు. ఎఫ్ షార్ప్ మేజర్ స్కేల్ ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి, సి షార్ప్, డి షార్ప్, ఇ షార్ప్ అని సాగుతుంది. చివరిదాన్ని ఎఫ్ అంటే అక్షరాల వరుస చెడుతుంది. వేలు నొక్కేది ఎఫ్ చోటే. మొదటి నెలల్లో ఇది ఎదురుకాదు గనుక అంతవరకు ఆ సులువు మాటతో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

సాధనకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. రోజుకు ఒక్క ఖాళీ చోటు తీసుకుని ఆరు తీగల మీదా వెతకడం మేలు. బి ఫ్లాట్ అయితే ఆరో తీగ మీద ఆరో ఫ్రెట్, ఐదో తీగ మీద ఒకటి, నాలుగో తీగ మీద ఎనిమిది, మూడో తీగ మీద మూడు, రెండో తీగ మీద పదకొండు, మొదటి తీగ మీద మళ్ళీ ఆరు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ప్రతిచోటికీ ముందు ఎ నుంచి ముందుకు జరిగి ఎ షార్ప్ అని పైకి పలకాలి, తర్వాత బి నుంచి వెనక్కి జరిగి బి ఫ్లాట్ అని పలకాలి. పేరును చేతి కదలికకు ముడిపెట్టడమే ఇందులోని కిటుకు. కాగితం మీద చార్టు చూసి నేర్చిన పేరు చార్టు తీసేయగానే పోతుంది. ఆరో తీగ మీద దొరికిన స్వరం రెండు ఫ్రెట్లు ముందు నాలుగో తీగ మీద పై స్థాయిలో ఉంటుందని, ఐదో తీగకూ మూడో తీగకూ అదే లెక్క అని, నాలుగు నుంచి రెండుకూ మూడు నుంచి ఒకటికీ మూడు ఫ్రెట్ల దూరమని తెలిస్తే వెతుకులాట ఇంకా తొందరగా ముగుస్తుంది.

షార్ప్, ఫ్లాట్ అన్న మాటలకు ఇంకో అర్థం కూడా ఉండడం వల్ల శ్రుతి చేసుకునే సమయంలో కొందరు కంగారుపడతారు. ట్యూనర్ ముల్లు ఎడమకు వాలితే తీగ ఫ్లాట్‌గా ఉందంటారు, కుడికి వాలితే షార్ప్‌గా ఉందంటారు. అక్కడ అది స్వరం పేరు కాదు, శ్రుతి కాస్త తగ్గిందని గాని పెరిగిందని గాని చెప్పడం. ఎత్తైన ఫ్రెట్ల మీద తీగను అవసరానికి మించి అదిమితే స్వరం ఆ రెండో అర్థంలో షార్ప్ అవుతుంది. తీగను పక్కకు లాగి బెండ్ చేసినా స్వరం పెరుగుతుందే గాని తగ్గదు, వీణ మీద తీగ లాగినప్పటిలాగే.

ఇక గిటార్‌లో అన్నింటికంటే కిందనున్న ఇ కి ఫ్లాట్ కావాలంటే పక్క తీగ కూడా ఆదుకోదు, ఎందుకంటే ఆరో తీగకు అవతల తీగ లేదు. దానికి ఉన్న ఒక మార్గం బిరడాలు వదులు చేసి ఆరు తీగలనూ ఒక్కొక్క సెమిటోన్ దించడం. అలా దించిన గిటార్‌లో ఓపెన్ తీగలు ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, జి ఫ్లాట్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ అని పలుకుతాయి. ఇంతకుముందు పదకొండో ఫ్రెట్ మీద దొరికిన వరుస అదే, ఒక స్థాయి కింద. మొదటి ఫ్రెట్ మీదికి క్యాపో (తీగలన్నింటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెడితే పాత ఇ, ఎ, డి, జి, బి, ఇ తిరిగి వస్తాయి.